ఫోర్జా హొరైజన్ 5లో కారుని టెస్ట్ డ్రైవ్ చేసి రివ్యూ రాసే నా పద్ధతి

ఫోర్జా హొరైజన్ 5 అనే కార్ల వీడియో గేమ్‌లో కొత్త కారు గరాజ్‌లోకి రాగానే అప్‌గ్రేడ్ మెనూ తెరవకండి. రివ్యూ రాయాలనుకునే ఎవరికైనా నేను మొట్టమొదట చెప్పే మాట ఇదే. ఇంజిన్ మార్చేసి, నాలుగు చక్రాలకీ పవర్ వెళ్లేలా చేసి, రేస్ టైర్లు బిగించి, ఆ తర్వాత ‘కారు అదిరిపోయింది’ అని రాస్తే చదివేవాళ్లకి తెలిసేది మీరు బిగించిన పార్టుల సంగతి. అసలు కారు ఆ పార్టుల కింద ఎక్కడో ఉండిపోతుంది. ముందు స్టాక్‌లో, అంటే కంపెనీ నుంచి వచ్చింది వచ్చినట్టుగా, నడపాలి. ట్యూనింగ్ ఎంత చేసినా తర్వాత చేసుకోవచ్చు. తొలిసారి నడిపినప్పుడు చేతికి తెలిసేది మాత్రం మళ్లీ దొరకదు.

ఈ ఆట 2021 నవంబర్‌లో వచ్చింది. విడుదల నాటికే అందులో 500కి పైగా కార్లున్నాయి, ఆ తర్వాత ఇంకా చేరుతూ వచ్చాయి. మెక్సికో అంతా ఒకే మ్యాపులో కుదించినట్టు ఎడారి, అడవి, అగ్నిపర్వతం, ఇరుకు సందుల పాత ఊరు, పొడవాటి హైవే అన్నీ ఒక్క లోడింగ్ లేకుండా కలిసి ఉంటాయి. టెస్ట్ డ్రైవ్‌కి ఇంతకంటే మంచి చోటు నాకు కనిపించలేదు. ఒక కారుని 20 నిమిషాల్లో ఆరు రకాల రోడ్ల మీద చూసేయొచ్చు. నేను రెండేళ్లుగా ఒకే రూట్లో ప్రతి కారునీ తిప్పుతున్నాను, ప్రతిదాని గురించీ నోట్‌బుక్‌లో ఒక పేజీ రాస్తున్నాను. నా పద్ధతి మీకూ పనికొస్తుందని ఇక్కడ పెడుతున్నాను.

కారు స్టాక్‌లో ఉందో లేదో ముందు చూసుకోండి. ఆటలో కొత్త కార్లు అమ్మే ఆటోషోలో కొన్నది స్టాకే. ఆడేవాళ్లు ఒకరికొకరు కార్లు వేలం వేసుకునే ఆక్షన్ హౌస్‌లో కొన్నది మాత్రం అమ్మినవాళ్లు వేసిన పార్టులతో, రంగులతో రావచ్చు. కారు పేరు పక్కన కనిపించే పెర్ఫార్మెన్స్ ఇండెక్స్ అంకె ఆటోషోలో ఉన్న అదే మోడల్ అంకెతో కలవకపోతే ఎవరో చెయ్యి పెట్టారన్నమాట. ఆ అంకె గురించి కూడా ఒక మాట. 100 నుంచి 999 వరకు ఉండే ఆ ఇండెక్స్‌ని బట్టే కార్లు క్లాసులుగా విడిపోతాయి: 500 వరకు డి, 600 వరకు సి, 700 వరకు బి, 800 వరకు ఎ, 900 వరకు ఎస్1, 998 వరకు ఎస్2, 999 అయితే ఎక్స్. రేసులో ఎవరి పక్కన ఎవరు నిలబడాలో తేల్చడానికి ఇది చాలా మంచి ఏర్పాటు. రివ్యూకి మాత్రం దీన్ని నమ్ముకోకూడదు. పికప్, బ్రేకులు, మలుపుల్లో పట్టు అన్నీ కలిపి ఒక్క అంకెలో పోసేస్తారు కాబట్టి, ఒకే 700 దగ్గర ఉన్న రెండు కార్లలో ఒకటి తిన్నని రోడ్డు మీద బాణంలా పోయి మలుపులో మొరాయించవచ్చు, రెండోది దానికి పూర్తిగా వ్యతిరేకంగా ఉండొచ్చు. ఆ తేడా చెప్పడమే మన పని.

సెట్టింగుల విషయంలో నాకు ఒక దెబ్బ తగిలింది. అది చెప్పాలి. ఒక ర్యాలీ కారు గురించి ‘బ్రేకులు అస్సలు నమ్మలేం, కొంచెం గట్టిగా నొక్కితే చక్రాలు బిగుసుకుపోయి కారు నేరుగా గోడలోకి వెళ్తోంది’ అని అరపేజీ రాశాను. నలుగురికీ చూపించాను. రెండు రోజుల తర్వాత తమ్ముడు పక్కన కూర్చుని, ‘అక్కా, మొన్న రాత్రి నేను ఏబీఎస్ ఆఫ్ చేసి ఆడాను, మళ్లీ ఆన్ చేశావా?’ అని అడిగాడు. చేయలేదు. గట్టిగా బ్రేక్ వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసేదే ఏబీఎస్. అది వేసి అదే చోట మళ్లీ నడిపితే ఆ కారు బ్రేకులు మా లిస్టులో మొదటి ఐదింటిలోకి వచ్చాయి. నేను రాసింది చదివి ఎవరైనా ఆ కారు వద్దనుకుని ఉంటారేమో అని ఇప్పటికీ బాధగానే ఉంటుంది. అప్పటి నుంచి నోట్‌బుక్‌లో ప్రతి పేజీ పైన మొదటి లైను సెట్టింగులదే. అది రాయకుండా కారు స్టార్ట్ చేయను.

నా సెట్టింగులు ఇవి. ఏబీఎస్ ఆన్. ట్రాక్షన్ కంట్రోల్, స్టెబిలిటీ కంట్రోల్ రెండూ ఆఫ్. ఎందుకంటే అవి ఆన్‌లో ఉంటే వెనక చక్రాలు ఎప్పుడు జారుతున్నాయో ఆటే సర్దేస్తుంది, మనకి తెలియదు. కారు గుణం తెలిసేది సరిగ్గా ఆ జారే క్షణంలోనే. స్టీరింగ్ నార్మల్. గేర్లు మాన్యువల్. రోడ్డు మీద కనిపించే డ్రైవింగ్ లైన్ ఆఫ్, లేకపోతే కళ్లు గీత మీదే ఉంటాయి, కారు మీద ఉండవు. డ్యామేజీ కేవలం పైపైన కనిపించేలా పెడతాను, లేదంటే మొదటి గుద్దుడుకే స్టీరింగ్ ఒక పక్కకి లాగి మిగతా టెస్టంతా పాడవుతుంది. మీరు ఇప్పుడిప్పుడే మొదలుపెట్టినవాళ్లయితే ఇవన్నీ ఒక్కసారిగా ఆఫ్ చేయాల్సిన పని లేదు. మీకు అలవాటైన సెట్టింగులతోనే నడపండి, కానీ కారు కారుకీ మార్చకండి, రివ్యూలో అవేమిటో రాయండి. కంట్రోలర్‌తో నడిపారా, స్టీరింగ్ వీల్‌తోనా అన్నది కూడా రాయాలి. కంట్రోలర్‌తో చిరాకు పెట్టిన కారే వీల్‌తో నడిపినవాళ్లకి ముద్దొచ్చిన సందర్భాలు నాకు తెలుసు.

కెమెరా సంగతి చాలామంది పట్టించుకోరు. వెనక నుంచి చూసే కెమెరాలో కారు కొంచెం పక్కకి తిరిగినా కెమెరా కూడా ఊగుతుంది కాబట్టి, నిజంగా జారుతున్న దానికంటే ఎక్కువ జారుతున్నట్టు అనిపిస్తుంది. నేను బానెట్ కెమెరాలో, అంటే కారు ముందు మూత మీద నుంచి చూసే దాంట్లో, టెస్ట్ చేస్తాను. లోపలి కెమెరాని చివర్లో ఒక్కసారి, కారులో కూర్చుంటే ఎలా ఉంటుందో చూడడానికి వాడతాను. అప్పుడే డాష్‌బోర్డు చూస్తాను, శబ్దం వింటాను.

తిన్నని రోడ్డు, బ్రేకు

0 నుంచి 100 కిలోమీటర్ల వేగం ఎన్ని సెకన్లలో అందుకుందో స్టాప్‌వాచ్‌తో కొలవకండి. వేలు నొక్కడంలోనే కొంత సమయం పోతుంది, అదీ ప్రతిసారీ ఒకేలా పోదు. వీడియో రికార్డు చేయండి. ఆట సెకనుకి 60 ఫ్రేముల మోడ్‌లో ఉండాలి, రికార్డింగ్ కూడా 60లోనే ఉండాలి. తర్వాత వీడియోని ఫ్రేము ఫ్రేముగా జరుపుతూ, చక్రం కదిలిన మొదటి ఫ్రేము నుంచి స్పీడోమీటర్‌లో 100 కనిపించిన ఫ్రేము దాకా లెక్కపెట్టి 60తో భాగించండి. 283 ఫ్రేములు వస్తే 4.72 సెకన్లు. మూడుసార్లు చేసి మధ్యలో వచ్చిన అంకె తీసుకుంటాను. చెత్తగా స్టార్ట్ అయిందీ, అదృష్టం కొద్దీ బాగా స్టార్ట్ అయిందీ రెండూ పక్కకి పోతాయి.

స్టార్ట్ చేసేటప్పుడు అంకె ఒక్కటే కాదు, ట్రిగ్గర్ (కంట్రోలర్ మీద యాక్సిలరేటర్‌గా పనిచేసే బటన్) ఎంత నొక్కితే చక్రాలు ఉన్నచోటే తిరిగిపోతున్నాయో గమనించండి. కొన్ని వెనక చక్రాల కార్లకి సగం నొక్కితేనే పొగ లేస్తుంది, మూడో గేర్ పడే దాకా పూర్తిగా నొక్కలేం. అలాంటి కారుకి 0-100 అంకె మామూలుగా ఉన్నా 100 నుంచి 200 మాత్రం చురుగ్గా ఉంటుంది. అందుకే రెండూ రాస్తాను.

బ్రేకులకి నా పద్ధతి చాలా సులువు. హైవే మీద ఒక ఓవర్‌బ్రిడ్జి ఎంచుకున్నాను. 160 వేగంతో దాని అంచు కిందికి రాగానే పూర్తిగా బ్రేక్ నొక్కుతాను, కారు ఎక్కడ ఆగిందో రోడ్డు మీది తెల్ల గీతలు లెక్కపెడతాను. గుర్తుగా సైన్‌బోర్డు పెట్టుకోకండి, ఈ ఆటలో గుద్దితే అవి విరిగిపోతాయి. చెట్టు నీడ, వంతెన నీడ కూడా వద్దు, ఆటలో పొద్దు గడిచేకొద్దీ నీడ జరుగుతుంది. మొదట్లో నేను నీడనే గుర్తు పెట్టుకుని ఒక వారం లెక్కలన్నీ మళ్లీ చేయాల్సి వచ్చింది. ఎంత దూరంలో ఆగిందన్న దానితో పాటు, ఆగేటప్పుడు తిన్నగా ఆగిందా, వెనక భాగం అటూ ఇటూ కదిలిందా అన్నది కూడా రాయండి.

టాప్ స్పీడ్ కోసం హైవే ఈ చివరి నుంచి ఆ చివరికి ఒకసారి పోతే చాలు. దాని మీద నేను ఎక్కువసేపు ఉండను. మెర్సిడెస్-ఏఎంజీ వన్ లాంటి కారుకి, అంటే ఫార్ములా 1 నుంచి తెచ్చిన 1.6 లీటర్ వీ6 హైబ్రిడ్ ఇంజిన్ ఉన్న కారుకి, ఆ హైవే కూడా చిన్నదైపోతుంది. ట్రాఫిక్ కార్లు మధ్యలో వస్తే ఆ పరుగు కొట్టేసి మళ్లీ మొదలుపెట్టాలి. హైవే మీద నేను నిజంగా చూసేది 200 దాటాక లేన్ మారేటప్పుడు కారు ఎలా ఉంటుందన్నదే. కొన్ని కార్లు స్టీరింగ్ తాకగానే గాభరా పడి ఊగుతాయి. కొన్ని రోడ్డుకి అతుక్కుని ఉంటాయి.

గ్వానహ్వాటో సందులు

మొదట్లో చెప్పిన పాత ఊరు ఇదే. రంగురంగుల ఇళ్లు, రాళ్లు పరిచిన సందులు, కింద సొరంగాలు. ఇక్కడ వేగంతో పని లేదు. రెండో గేరు, మూడో గేరు మధ్య కారు ఎంత చలాకీగా ఉంటుందో, ఇరుకు మలుపులో ఒకేసారి తిరుగుతుందా లేక వెనక్కి తీసి మళ్లీ తిప్పాలా, ఎత్తుపల్లాల రాళ్ల మీద ఎంత కుదుపు తెలుస్తుందో చూడాలి. పెద్ద సూపర్ కార్లు ఇక్కడ చాలా ఇబ్బంది పడతాయి. 1994 మాజ్డా ఎంఎక్స్-5 లాంటి చిన్న కారు ఇదే చోట ప్రాణం పోసుకుంటుంది. దానికి ఉన్నది 1.8 లీటర్ ఇంజినే. హైవే మీద దాన్ని చూసి జాలిపడ్డాను, ఈ సందుల్లోకి వచ్చాక దిగాలనిపించలేదు. ఒక్క రోడ్డు మీదే నడిపి రివ్యూ రాస్తే ఎంత అన్యాయం జరుగుతుందో ఆ రోజు తెలిసింది.

సొరంగంలోకి వెళ్లగానే మ్యూజిక్ ఆపేసి ఇంజిన్ శబ్దం వినండి. గోడల మధ్య అది చాలా స్పష్టంగా తెలుస్తుంది. 1997 హోండా సివిక్ టైప్ ఆర్‌లో 6,000 ఆర్‌పీఎం దాటాక గొంతు మారిపోతుంది, వేరే ఇంజిన్ తగిలించినట్టు ఉంటుంది. అది రాయకపోతే ఆ కారు గురించి సగం రాయనట్టే. గేర్ ఎప్పుడు మార్చాలో కూడా ఆ శబ్దమే చెబుతుంది, సూదిని చూడక్కర్లేదు.

అగ్నిపర్వతం దిగేటప్పుడు

ఆ అగ్నిపర్వతం పేరు లా గ్రాన్ కాల్డేరా. మొత్తం రూట్లో నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు ఇదే, ఎక్కువ సమయం గడిపేదీ ఇక్కడే. పైకి ఎక్కేటప్పుడు ఇంజిన్ బలం తెలుస్తుంది. హెయిర్‌పిన్ మలుపు (వెనక్కి తిరిగి వచ్చేంత వంకర మలుపు) నుంచి బయటికి వచ్చేటప్పుడు టర్బో కారైతే ట్రిగ్గర్ నొక్కాక ఎంతసేపటికి ఊపు అందుకుంటుందో మనసులో లెక్కపెట్టండి. కానీ కారు అసలు స్వభావం బయటపడేది దిగేటప్పుడు. బరువంతా ముందు చక్రాల మీదికి వస్తుంది, వెనక తేలికవుతుంది, ప్రతి మలుపు ముందూ బ్రేక్ నొక్కాల్సిందే.

ఇక్కడ నేను వాడే ఉపాయం రివైండ్, అంటే ఆటని కొన్ని క్షణాలు వెనక్కి తిప్పడం. చాలామంది దాన్ని తప్పు దిద్దుకోవడానికే వాడతారు. టెస్ట్ చేసేవాళ్లకి అదో ప్రయోగశాల. రివైండ్ చేస్తే కారు అదే చోట, అదే వేగంతో, అదే గేరులో మళ్లీ మన చేతికి వస్తుంది. నిజం కారుతో ఎవరికీ దొరకని సౌకర్యం ఇది. ఒకే మలుపుని నాలుగు రకాలుగా తీసుకుని, ఏం మారిస్తే కారు ఏం చేసిందో చూడొచ్చు.

1973 పోర్షే 911 కరేరా ఆర్‌ఎస్‌తో చేసింది చెబుతాను. ఇంజిన్ వెనక ఇరుసుకీ వెనకాల ఉండే కారు. పై నుంచి మూడో హెయిర్‌పిన్, ఎడమ పక్కకి. మొదటిసారి మలుపు ముందే బ్రేక్ పూర్తిగా వేసి, వదిలి, తిప్పి, సన్నగా యాక్సిలరేటర్ ఇస్తూ వెళ్లాను. కారు మెత్తగా, గీత గీసినట్టు తిరిగింది. రివైండ్. రెండోసారి మలుపు మధ్యలో యాక్సిలరేటర్ మీద నుంచి వేలు పూర్తిగా తీసేశాను. ఒక్క క్షణం ఏమీ కాలేదు. తర్వాత కంట్రోలర్ కుడి చేతిలో గరగరలాడింది, వెనక భాగం బరువైన తలుపు తెరుచుకున్నట్టు నెమ్మదిగా బయటికి కదలడం మొదలుపెట్టింది. అక్కడి నుంచి ఆపలేకపోయాను, కారు చుట్టూ తిరిగి రెయిలింగుకి వీపు ఆనించింది. రివైండ్. మూడోసారి వేలు సగమే తీశాను. వెనక కొంచెమే కదిలింది, ముక్కు లోపలికి తిరిగింది, మళ్లీ యాక్సిలరేటర్ ఇవ్వగానే వెనక చక్రాలు నేలని పట్టుకున్నాయి. మొదటిసారి కంటే బాగా తిరిగింది. ఆ రోజు ఆ మలుపు పదిహేనుసార్లు తీసుకుని ఉంటాను. పేజీలో రాసింది ఒక్కటే వాక్యం: ‘మలుపు మధ్యలో కుడి వేలు స్టీరింగులో సగం పని చేస్తుంది, కానీ వేలు పూర్తిగా ఎత్తేస్తే క్షమించదు.’ ఆ కారు కొనాలా వద్దా అని అడిగేవాళ్లకి కావలసింది ఆ ఒక్క వాక్యమే అనుకుంటాను.

ముందు చక్రాల కారైతే ఇదే చోట వేరే పరీక్ష. మలుపులో యాక్సిలరేటర్ ఎక్కువ ఇచ్చి చూడండి, ముక్కు బయటికి పోతుంది. ఎంత ఇచ్చాక పోయింది, వేలు తీశాక ఎంత త్వరగా తిరిగి వచ్చింది, అదీ రాయాల్సింది. మలుపు మధ్యలో ఫోటో మోడ్ తెరిస్తే ఆట అక్కడే గడ్డకట్టినట్టు ఆగుతుంది. కారు చుట్టూ తిరిగి చూడండి, ఎంత పక్కకి ఒరిగిందో, ఏ చక్రం నేల మీద గట్టిగా ఉందో, ఏది తేలికైందో కళ్లకి కట్టినట్టు కనిపిస్తుంది. టెలిమెట్రీ స్క్రీన్‌లో కూడా ఇదే సమాచారం అంకెల్లో ఉంటుంది. ఒక్కో చక్రం దగ్గర సస్పెన్షన్ ఎంత నొక్కుకుంది, టైరు ఎంత వేడెక్కింది అన్నీ చూపిస్తుంది. అయితే నడిపేటప్పుడు దాన్ని తెరిచి ఉంచకండి. ముందు చేతులకి తెలిసింది రాసుకుని, ఆ తర్వాత రీప్లే చేసినట్టు మళ్లీ నడుపుతూ టెలిమెట్రీతో సరిచూసుకోండి. ముందే అంకెలు చూస్తే చేతులకి తెలిసేది మీరు వినరు.

మట్టి రోడ్డు, ఇసుక దిబ్బలు రెండూ కలిపి నేను ఐదు నిమిషాలే చూస్తాను. ఫోర్డ్ బ్రాంకో లాంటి బండ్లకి మాత్రం దీన్ని తిరగేసి, దిబ్బల మీద 20 నిమిషాలు, హైవే మీద ఐదు. ఏ కారునైనా అది ఏ పని కోసం తయారైందో ఆ రోడ్డు మీదే ఎక్కువసేపు చూడాలి. రోడ్డు కారుని మట్టిలోకి తీసుకెళ్లేది ఒక్క విషయం కోసమే: తోవ తప్పి గడ్డిలోకి దిగితే తిరిగి ఎక్కగలదా, అక్కడే ఇరుక్కుంటుందా అని.

ల్యాప్ టైము

మ్యాపులో ఊరికే తిరిగే ఫ్రీరోమ్‌లో ల్యాప్ టైములు తీయకండి. ట్రాఫిక్ ఉంటుంది, వాన రావచ్చు. రైవల్స్ మోడ్‌లో ట్రాక్ మీద మీరు ఒక్కరే ఉంటారు, ముందు ఒక గోస్ట్, అంటే ఇంకొకరి ల్యాపుని చూపించే నీడ లాంటి కారు, పరిగెడుతుంది. ఒకటే సర్క్యూట్ ఎంచుకుని అన్ని కార్లకీ అదే వాడండి. మూడు నుంచి నాలుగు కిలోమీటర్ల మధ్య ఉంటే చాలు. రివైండ్ వాడినా, గోడకి తగిలినా ఆ ల్యాప్ మీద గుర్తు పడుతుంది, దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. ఐదు ల్యాపులు శుభ్రంగా చేసి అన్నిటికంటే మంచిదాన్ని రాస్తాను. దానితో పాటు ఐదింటి మధ్య తేడా కూడా రాస్తాను. అన్నీ అర సెకను లోపే ఉంటే ఆ కారు మనిషికి సహకరిస్తుందని అర్థం. ఒక ల్యాపు అద్భుతంగా వచ్చి మిగతావి మూడేసి సెకన్లు వెనకపడితే, వేగం ఉంది గానీ దాన్ని బయటికి తీయడం కష్టం. చదివేవాళ్లలో చాలామందికి ఈ రెండో సంగతే ఎక్కువ అవసరం. లీడర్‌బోర్డ్ పైన ఉన్నవాళ్ల టైములతో పోల్చకండి, వాళ్లవి ట్యూన్ చేసిన కార్లు. మీ టైముని మీ పాత టైములతోనే పోల్చుకోండి.

వానలో చూడాలంటే బ్లూప్రింట్, అంటే మనకి కావలసినట్టు మార్చుకునే రేసు, చేసుకోండి. రుతువు, వేళ, వాతావరణం అన్నీ మనమే పెట్టుకోవచ్చు. పోటీ కార్లు ఉంటాయి, స్టార్ట్ కాగానే వాటిని ముందుకి పోనిచ్చి ఒక్కరే నెమ్మదిగా వెళ్లండి.

రాయడం

నడిపిన అరగంట లోపు రాయండి. నేను కంట్రోలర్ పక్కన పెట్టగానే మొదట రాసేది అంకెలు కాదు, గుర్తున్న ఒక్క మలుపు. ఏ మలుపు గుర్తుండిపోయిందో అదే రివ్యూకి మొదటి పేరా అవుతుంది. ఏదీ గుర్తు లేకపోతే అది కూడా కారు గురించి ఒక మాటే, అలాగే రాస్తాను.

‘హ్యాండ్లింగ్ బాగుంది’ అని రాయకండి. ఆ మాట ఏ కారుకైనా అతుకుతుంది. ‘అగ్నిపర్వతం దిగేటప్పుడు మూడో గేరులో 96 వేగంతో హెయిర్‌పిన్‌లోకి వెళ్లినా ముందు చక్రాలు పట్టు వదల్లేదు, బయటికి వచ్చేటప్పుడు మాత్రం ట్రిగ్గర్ సగం దాటితే తోక తిప్పింది’ అని రాయండి. అదే మలుపు దగ్గరికి వెళ్లి చదివినవాళ్లు సరిచూసుకోగలగాలి. వాళ్లకి వేరేలా అనిపిస్తే అడగగలగాలి.

పదికి ఎన్ని మార్కులు అన్నది నేను ఇవ్వను. ఇచ్చి చూశాను, అందరూ మార్కు చూసి వెళ్లిపోతారు. 1963 ఫోక్స్‌వాగన్ బీటిల్‌కి ఎన్ని ఇవ్వాలి? డి క్లాసు కారు, గాలితో చల్లబడే చిన్న ఇంజిన్, కొండ ఎక్కడానికి ఆయాసపడుతుంది. అంకెల్లో చూస్తే అట్టడుగు. కానీ బీటిల్‌ని మెక్సికోలో వోచో అంటారు. ప్రపంచంలో చివరి పాత బీటిల్ 2003 జులైలో మెక్సికోలోని ప్వేబ్లా ఫ్యాక్టరీ నుంచే బయటికి వచ్చింది. అలాంటి కారుని ఆ దేశం మ్యాపులోనే గ్వానహ్వాటో సందుల్లో సాయంత్రం ఎండలో నడుపుతుంటే కలిగే సంతోషం ఏ మార్కులోనూ పట్టదు. మార్కు బదులు ఎవరికి, ఏ రోడ్డుకి అని రెండు లైన్లు రాస్తాను. ఈ కారు రేసు గెలవాలనుకునేవాళ్లకి కాదు, పని అయిపోయాక అరగంట ఊరికే తిరగాలనుకునేవాళ్లకి, అని.

రివ్యూ పైన తప్పకుండా ఉండాల్సినవి: కారు పేరు, మోడల్ సంవత్సరం, స్టాకా ట్యూనా, క్లాసు, ఇండెక్స్ అంకె, సెట్టింగులు, కంట్రోలరో వీలో, నడిపిన తేదీ. మోడల్ సంవత్సరం వదిలేయకండి, ఎంఎక్స్-5లే ఈ ఆటలో ఒకటి కంటే ఎక్కువ ఉన్నాయి, అవి నడిచే తీరులో పోలికే లేదు. తేదీ ఎందుకంటే ఆటకి అప్‌డేట్లు వస్తుంటాయి, ఒక్కోసారి కార్ల లెక్కలు మారతాయి.

ట్యూన్ చేశాక రాసేది రెండో రివ్యూ. మొదటిదానితో కలపకండి. దాంట్లో ట్యూన్ షేర్ కోడ్ (మీ మార్పులన్నీ ఇతరులు తెచ్చుకోవడానికి ఆట ఇచ్చే అంకె) తొమ్మిది అంకెలూ ఇవ్వండి, చదివినవాళ్లు అదే కారుని నడపగలగాలి. ఆల్ వీల్ డ్రైవ్ పెడితే, అంటే నాలుగు చక్రాలకీ పవర్ వెళ్లేలా చేస్తే, టైము తగ్గుతుంది, నిజమే. కానీ వెనక చక్రాల కారుకి అది పెట్టాక ఆ కారు గుణం పోతుంది, అందుకని నా ట్యూన్ రివ్యూలలో డ్రైవ్ మార్చను. టైర్లు, బ్రేకులు, డిఫరెన్షియల్, సస్పెన్షన్ వరకే. దీని మీద నాతో తమ్ముడు గంటలు గంటలు వాదిస్తాడు, వాడి టైములు నావాటికంటే మెరుగ్గానే ఉంటాయి.

రాసి పెట్టేశాక వారం ఆగండి. ఆటలో ప్రతి గురువారం రుతువు మారుతుంది. తడి రుతువు రాగానే అదే కారు, అదే సెట్టింగులు, అదే అగ్నిపర్వతం. పోర్షేతో మళ్లీ వెళ్లాను. రోడ్డు మీద నీళ్లు నిలిచి ఉన్నాయి, మూడో హెయిర్‌పిన్‌లోకి ఆరిన రోడ్డు మీద వెళ్లిన వేగంతో వెళ్లడం కుదరలేదు. 15 కిలోమీటర్లు తగ్గిస్తే గానీ వెనక నిలవలేదు. సగం వేలు తీసే ఉపాయం కూడా పనిచేయలేదు, పావు వంతు తీయాల్సి వచ్చింది. పాత రివ్యూ కింద తేదీ వేసి ఆ రెండు లైన్లూ చేర్చాను. తమ్ముడు కంట్రోలర్ అందుకుని, ‘ఒక్కసారి నేనూ చూస్తా అక్కా’ అన్నాడు. ముందు సెట్టింగులు చూపించాను.